ముళ్లజడ పక్షం

ఎండుతున్న ఇప్పపువ్వు వాసన అందరికీ పడదు. పడనివాళ్లు ఇదేం కంపు అని ముక్కు మూసుకుంటారు, పడినవాళ్లు కళ్లు మూసుకుని ఊపిరి లోపలికి లాగుతారు, మధ్యరకం మనుషులు నాకు ఇంతవరకు తగల్లేదు. మొన్న వేసవి సెలవులు ఇచ్చీ ఇవ్వగానే, భద్రాచలం దాటి దుమ్ముగూడెం దారి పట్టాక, ఊళ్లు పలచబడి చెట్లు చిక్కబడే చోట బస్సు కిటికీలోంచి ఆ వాసన ఒక్కసారిగా లోపలికి వచ్చింది. కాస్త పాతబెల్లం, కాస్త పులిసిన పిండి, మిగిలినదంతా ఎండ. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి మేఘన రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ అద్దం ఇంకాస్త జరిపాను. నా ఒళ్లో ఒక సంచీ, సంచీలో ఆరు పుస్తకాలు. వాటిని నా చిన్ననాటి స్నేహితురాలు ముత్తమ్మ ఇంటికి, వాళ్ల పిల్లలకోసం తీసుకెళ్తున్నాను. ఖమ్మంలో పుస్తకాల ప్రదర్శనలో కొత్త అచ్చులో కనిపించేసరికి ఒళ్లు తెలియని సంతోషంతో కొనేశాను గానీ, బస్సెక్కిన దగ్గర్నుంచీ ఒకటే బెంగ. ఎందుకంటే ఒకప్పుడు ఈ పుస్తకాల మూలంగానే ముత్తమ్మ నాకు దూరమైపోయేది, కొద్దిలో తప్పింది. ఇప్పుడు వాటినే మళ్లీ వాళ్ల గుమ్మంలోకి మోసుకెళ్లడం కోరి కొరివితో తల గోక్కోవడం కాదా అని దారి పొడుగునా అనుకుంటూనే ఉన్నాను.

మా ఊరు బస్సు వచ్చే ఊరు కాదు. దుమ్ముగూడెం బస్సు తారురోడ్డు మీద దింపేసి పోతే అక్కడి నుంచి ఎర్రమట్టి దారిన, రెండు వైపులా టేకు చెట్లు ఆకులు రాల్చుకుని నిలబడి ఉండగా, కాళ్ల కింద ఎండుటాకులు పటపటమంటుంటే నడిచి పోవాలి. కొన్ని పెంకుటిళ్లు, ఒక బడి, ఒక చేతిపంపు, ఊరి చివర వాగు, వాగు అవతల ముత్తమ్మ వాళ్ల కోయగూడెం. ముత్తమ్మని అప్పుడు అందరం ముత్తి అనే పిలిచేవాళ్లం. వేసవిలో ఆ వాగు పేరుకే వాగు, చీలమండ తడవకుండా ఇటు పిల్లలు అటూ అటు పిల్లలు ఇటూ రోజంతా తిరుగుతూనే ఉండేవాళ్లం. నాన్న సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు పనికి పోయేవాడు. సాయంత్రం ఆయన వచ్చాడని ముందు చొక్కాకి పట్టిన ఉడికిన వెదురు వాసన చెప్పేది, ఆ తర్వాతే సైకిల్ బెల్లు వినిపించేది. మిల్లులో పనికిరాదని పక్కన పడేసిన అట్టముక్కలు అడిగి తెచ్చేవాడు. మా ఇంట్లో విసనకర్రలు అవే, పొయ్యి రాజేయడానికి అవే, మా బడిపుస్తకాలకు అట్టలూ అవే. మా పుస్తకాలు చేత్తో పట్టుకుంటే చెక్కపలకల్లా బరువుగా ఉండేవని మాస్టారు ఎప్పుడూ ఎగతాళి చేసేవారు.

మార్చి నెల వచ్చి బడులు ఒంటిపూట అయ్యేసరికి ఇప్పకాలం మొదలయ్యేది. ఇప్పపువ్వు కోసేది కాదు, అదే రాలాలి. తెల్లవారకముందు మొదలై ఎండ పొద్దెక్కేదాకా టప్‌మని ఒకటి, టప్‌మని ఇంకొకటి, లేత పసుపు రంగులో, వేలితో నొక్కితే తేనె చిమ్మే బుడ్డలు రాలుతూనే ఉంటాయి. చెట్టు కింద ముందే ఆకులు తగలబెట్టి శుభ్రం చేసి ఉంచుతారు కాబట్టి నల్లని నేల మీద ఆ పూలు చీకట్లో కూడా కనిపించేవి. ఏ చెట్టు ఎవరిదో ఎక్కడా రాసి ఉండదు, అయినా గూడెంలో నడక నేర్చిన పిల్లకు కూడా తెలుసు. అమ్మకి మా చేను గట్టు మీద ఒకే ఒక్క చెట్టు ఉండేది, ముత్తివాళ్లకి అడవిలో చాలా ఉండేవి. మా చెట్టు పని చిటికెలో అయిపోయేది కాబట్టి నేనూ మా తమ్ముడు శీనూ గంపలు తీసుకుని ముత్తివాళ్ల వెంట పోయేవాళ్లం. ఏరినవాటిలో సగం గంపలోకి, సగం నోట్లోకి. ఎక్కువ తింటే తల తిరుగుతుందని అమ్మ బెదిరించేది, తల తిరిగిందో లేదో చూసుకోవడానికే శీనుగాడు ఇంకో నాలుగు తినేవాడు.

ఏరిన పువ్వు ఎండాలి. వాగు ఒడ్డున ఇల్లంత వెడల్పున పరుపుబండ ఒకటి ఉండేది, గూడెం వాళ్లూ మేమూ అందరం దాని మీదే ఆరబోసేవాళ్లం. లేత పసుపుగా పోసిన పువ్వు మధ్యాహ్నానికి ముదురు పసుపు, మర్నాటికి ఇటుకరంగు, ఆపైన ఎండుద్రాక్ష రంగు. దాన్ని మేకలనుంచీ కోళ్లనుంచీ కాపాడటం పిల్లల వంతు. బడి నుంచి రాగానే అంబలి తాగి, చేతిలో ఒక పొడుగాటి వెదురు కర్ర పట్టుకుని బండ పక్కనున్న కానుగ నీడలో చేరేవాళ్లం. అమ్మ మూటకట్టి ఇచ్చిన అన్నంలో మామిడికాయ తొక్కు ఉండేది, కొత్తకాయ, ఇంకా టెంక ముదరని లేతది, తలుచుకుంటే ఇప్పుడు కూడా దవడలు లాగుతాయి. ముత్తి మాత్రం దాన్ని ముట్టేది కాదు. గూడెంలో మామిడి పండుగ కాలేదుగా. పెద్దలు కొత్తకాయ దేవతకి పెట్టి, ఇంటింటా పంచేదాకా వాళ్లలో ఎవరూ మామిడికాయ తెంపరు, తినరు. అందుకని అమ్మ ముత్తి కోసం నిరుటి ఆవకాయ విడిగా ఆకులో చుట్టి పెట్టేది. ఈ సంగతి నాకు బాగా తెలుసు, అలవాటే, అయినా సమయానికి నా బుర్రకి తట్టలేదు.

పుస్తకాలు తెచ్చింది మా మేనమామ. ఇల్లందు బొగ్గుబాయిలో పని, ఎంత తోముకున్నా కనురెప్పల అంచున కాటుకలా నల్లటి గీత మిగిలి ఉండేది. సెలవు దొరికినప్పుడు మమ్మల్ని చూడటానికి వచ్చేవాడు, వస్తూ బస్టాండు దగ్గర పాత పుస్తకాలు పరిచి అమ్మే ఒకాయన దగ్గర రాగిరెక్కల గుర్రం కథ ఒక భాగం కొనుక్కొచ్చేవాడు. ఆరు భాగాలు. ఒక రాకకి ఒక్కటే. మిగతావి కూడా ఒకేసారి తేవొచ్చు కదా అని నేను ఏడుపుముఖం పెడితే, "అన్నీ ఒక్కపారే తెస్తే నువ్వు నా కోసం ఎదురు సూస్తవానే?" అనేవాడు. ఆయన చెప్పింది నిజమే. మామయ్య కంటే మామయ్య సంచీ కోసమే మేం ఎక్కువ ఎదురు చూసేవాళ్లం, ఆ సంగతి ఆయనకూ తెలుసు.

కథ ఏమిటంటే, మసిగడ్డం అనే మాంత్రికుడు రాజ్యంలో ఉన్న నీళ్లన్నీ ఒక సీసాలో పట్టి బిరడా బిగించి ఎత్తుకుపోతాడు. యువరాజు హేమాంగుడు రాగిరెక్కల గుర్రమెక్కి ఆ సీసా కోసం బయల్దేరతాడు. ఎండాకాలంలో, ఎండిన వాగు పక్కన కూర్చుని ఇలాంటి కథ వింటే నమ్మకుండా ఎవరుంటారు? "గోదారిని గూడ పట్టిండా?" అని ఒకడు, "పట్టలే, గోదారి సీసల పడ్తదా, పిచ్చోడా" అని ఇంకొకడు, అక్కడే మొదటి గొడవ. నేను చదవాలి, మిగిలినవాళ్లు వినాలి, ఎవరి కర్ర వాళ్ల చేతిలో ఉండాలి, ఇదీ మా కట్టుబాటు. నా గొంతు ఎండిపోతే ముత్తి చదివేది, తను గబగబా చదివేది, కామాల దగ్గర ఆగడం తనకి నచ్చేది కాదు. గుర్రం ఎగిరే చోట అందరం బండ మీద లేచి నిలబడేవాళ్లం. మాంత్రికుడు వచ్చే చోట శీనుగాడు నా వెనక్కి చేరేవాడు. రెండో భాగం అయ్యేసరికి పిల్లలందరికీ తలా ఒక పాత్ర మీద హక్కు వచ్చేసింది, శీను యువరాజు, ముత్తి గుర్రం, నాకు మాత్రం చదివేదాన్ని కాబట్టి ఎవరినీ తీసుకునే వీల్లేదని తేల్చేశారు. ఇంట్లో అమ్మ కూడా బియ్యం ఏరుతూ, "ఆ పిలగాడికి ఇంక నీళ్లు దొరకలేదా?" అని అడిగేది.

తగువు మూడో భాగంలో వచ్చింది. యువరాజు ఒక కీకారణ్యంలో దిగుతాడు. తిండి లేదు, నీళ్లు లేవు, కళ్లు తిరుగుతున్నాయి. అప్పుడొక చెట్టు, చెట్టు నిండా బంగారు రంగు పండ్లు. ఒకటి తెంపి తింటాడు. తినీ తినగానే అడవి గజగజలాడుతుంది, ముళ్లజడ అనే రాక్షసి ఊడిపడుతుంది. దాని జడ నిండా ముళ్లు, నడిస్తే జడ నేల మీద గీతలు గీస్తుంది. కోపంతో ఆ జడతో కొట్టి గుర్రం రెక్క విరగ్గొడుతుంది. యువరాజు కత్తి దూసి జడ కోసేస్తాడు, రాక్షసి ఏడుస్తూ అడవిలోకి పారిపోతుంది. అధ్యాయం సమాప్తం. మేం చప్పట్లు కొట్టాలి. శీనూ వాడి జట్టూ కొట్టారు కూడా. ముత్తి కొట్టలేదు.

"గా పండు ఎవరిని అడిగి తెంపిండు?" అంది.

"ఎవరిని అడగాలె? అడవిల చెట్టు గది," అన్నాడు శీను.

"అడవిలదైతే? పండుగ కాకముందే తిన్నడు గదా. గందుకే గామెకు కోపమొచ్చింది."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అర్థమయ్యాక మా ఊరి పిల్లలు పడీ పడీ నవ్వారు. నేను నవ్వలేదు గానీ, పుస్తకం నా చేతిలో ఉందన్న పెద్దరికంతో, "పుస్తకంల ఏడ గూడ పండుగ అని లేదు ముత్తీ," అన్నాను. ముత్తి నా వైపు జాలిగా చూసింది. "రాసినాయనకు తెల్వకపోతే నేనేం జెయ్యాలె?"

ఆ మాటతో బండ రెండు ముక్కలైంది. యువరాజు పక్షం ఒకవైపు, ముళ్లజడ పక్షం ఒకవైపు. వాగుకి అటు పిల్లలు చాలామంది ముత్తి వెనక, ఇటు పిల్లలు శీను వెనక. ఆకలితో చచ్చేవాడు తినక ఏం చేస్తాడని వీళ్లు, చెట్టుకి కాపలా ఉందంటే ఏదో కారణం ఉండే ఉంటుందని వాళ్లు. నీళ్లు తేవడానికి పోయినవాడు మంచివాడా కాదా అని వీళ్లు, మంచివాడైతే మాత్రం ఎవరింట్లోనైనా దూరి కుండ ఎత్తొచ్చా అని వాళ్లు. చదవడం ఆగిపోయింది, కర్రలు నేల మీద పడ్డాయి. రెండు రోజులు ఇదే రామాయణం. నాకు మనసులో ముత్తి చెప్పిందే సబబు అనిపిస్తోంది గానీ, కథ నాకు ప్రాణం కాబట్టి యువరాజు తప్పు చేశాడంటే కథే పాడైపోతుందేమోనని భయం కూడా వేస్తోంది. రెండు పక్షాలూ నన్నే న్యాయం చెప్పమన్నాయి, నేను పేజీలు వెనక్కి తిప్పుతూ కూర్చున్నాను.

మూడో రోజు శీనుగాడికి వాదనలో మాటలు అయిపోయాయి. మాటలైపోయిన మగపిల్లలు ఏం చేస్తారో వాడూ అదే చేశాడు. ముత్తి జుట్టు ఉంగరాలు తిరిగి ఒత్తుగా ఉండేది, తెల్లారి అడవిలోంచి వచ్చేసరికి అందులో ఎండుటాకులు, పల్లేరుకాయలు ఏవో ఒకటి చిక్కుకుని ఉండేవి. వాడు ఆ జుట్టు వైపు వేలు చూపించి, "అగో, ముళ్లజడ! గందుకే ముళ్లజడ దిక్కు మాట్లాడుతున్నది," అన్నాడు. మా ఊరి పిల్లలంతా ఆ పేరు అందుకున్నారు. నేను వాడి వీపు మీద ఒక్కటి చరిచాను గానీ అప్పటికే ఆలస్యమైంది. ముత్తి లేచి, తన కర్ర కూడా తీసుకోకుండా, వాగు దాటి వెళ్లిపోయింది. తన వెనకే గూడెం పిల్లలూ లేచిపోయారు. మేం ఆ వెళ్లేవాళ్లనే చూస్తూ నిలబడ్డాం. ఇవతలి ఒడ్డున మేకలు కూడా చూస్తున్నాయి, అయితే అవి చూసింది వేరే వైపు. మేం వెనక్కి తిరిగేసరికి ముత్తివాళ్ల పువ్వులో సగం వాటి పొట్టల్లో ఉంది.

సాయంత్రం ముత్తివాళ్ల అవ్వ వచ్చింది. ముత్తి నాయనమ్మే గానీ ఆ చుట్టుపక్కల అందరం ఆమెని అవ్వ అనే పిలిచేవాళ్లం. నుదుటి మీద పచ్చబొట్టు, వేళ్ల కణుపులు వెదురు కణుపుల్లా ఉండేవి. మిగిలిన పువ్వు తట్టలోకి ఎత్తుకుంది, మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిడితే తెల్లారి అంతా మామూలైపోతుందని పిల్లలకి తెలుసు. మర్నాడు ముత్తి రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. బడిలో కనిపించినా అవతలి వరసలో కూర్చుంది. తెల్లవారి నేనొక్కదాన్నే మా ఇప్పచెట్టు దగ్గరికి పోయాను, ఒక్కదాన్నే ఏరాను, ఒక్క పువ్వు కూడా నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. ఇంట్లో అమ్మ శీనుని, "నీ నోట్ల మన్నుబొయ్య, బంగారమసోంటి పిల్లని గట్లంటవా," అని రెండు అంటించింది. దాంతో వాడు ఏడ్చాడు గానీ నా దిగులు తీరలేదు. మళ్లీ ఎప్పటికీ నాతో మాట్లాడదేమో, పెద్దయ్యాక కూడా సంతలో ఎదురుపడితే తల తిప్పుకుని పోతుందేమో అని అంతదూరం ఆలోచించుకుని కుమిలిపోయాను. చిన్నప్పటి దిగులుకి కొలతలుండవు, అది వచ్చిందంటే ఇల్లంతా నిండిపోతుంది.

సరిగ్గా అప్పుడే మామయ్య నాలుగో భాగం పట్టుకొచ్చాడు. పిల్లలు ఇంటి ముందు మూగారు. నేను చదవనన్నాను. ముత్తి లేకుండా పుస్తకం తెరవనని గోనెసంచీ కింద పెట్టి దాని మీద కూర్చున్నాను. మామయ్య సంగతంతా విని, నవ్వుతాడనుకుంటే నవ్వలేదు. "బాయిల మేం గూడ గిట్లనే కొట్లాడ్తం పద్మా. గానీ కొట్లాడినోన్ని ఇడిసిపెట్టి మీదికి రాం. పొయ్యి పిల్సుకరాపో," అన్నాడు. వాగు దాటడానికి నాకు ఆ మాత్రం మాట సాయం చాలింది.

నేను పోయిన రోజు గూడెంలో మామిడి పండుగ. అది నాకు తెలియదు, డోలు చప్పుడు విన్నాక తెలిసింది. ఇళ్ల ముందు అలికి ముగ్గులు పెట్టి ఉన్నాయి, గుమ్మాలకి కొత్త తోరణాలు, పొగలో ఉడుకుతున్న మాంసం వాసన, దాని మీదుగా అప్పుడే కోసిన మామిడికాయ పులుపు వాసన. ముత్తి నన్ను చూసి గభాలున లోపలికి పోయింది. అవ్వ మాత్రం అరుగు మీద నుంచి పిలిచింది. "రా పిల్లా. ఏంది, గా పుస్తకంల మా ముత్తిని ఏందో అన్నరంట?"

"పుస్తకంల కాదవ్వా, మా శీనుగాడు అన్నడు."

"అవ్. మరి ఆ ముళ్లజడ ఎవలు? ఏం జేసింది? మంచిగ జెప్పు."

నిలబడే మొత్తం చెప్పాను, సీసా దగ్గర్నుంచి జడ కోసేదాకా. గడప అవతల ముత్తి చెవులు రిక్కించి ఉందని తలుపుసందులో కనిపిస్తున్న కాలివేళ్లను బట్టి తెలుస్తోంది. అవ్వ అంతా విని, పొగాకు చుట్ట పక్కన పెట్టి, మనుషుల తగువు తీర్చినట్టే తీర్పు మొదలుపెట్టింది.

"ఆకలైతే అడగరాదా? కత్తి ఉంది, గుర్రముంది, రాజ్యముంది, నోరొక్కటే లేదా రాజుకొడుక్కు? అడిగితే ఎవలన్న కాదంటరా? పండుగ గాకముందే తిన్నడు, తప్పే." చుట్ట మళ్లీ చేతిలోకి తీసుకుంది. "గానీ గుర్రం రెక్క ఇరగ్గొట్టుడేంది? గుర్రం తిన్నదా పండు? అది గూడ తప్పే. ఇద్దరిని కూసోబెట్టి ఇద్దరితోని తప్పు కట్టియ్యాలె. పిలగాడు ఓ మేకను ఇయ్యాలె, ఆమె గుర్రానికి మందు కట్టాలె. గంతే."

మా దగ్గర పెద్దలు కూర్చుని తగువు తీర్చినప్పుడు ఇలాగే ఎవరి తప్పుకి వాళ్లు ఏదో ఒకటి కట్టి లేస్తారు, లేచాక ఇక ఆ మాట ఎత్తకూడదు. ఇంతలో తలుపు వెనక నుంచి ముత్తి దూసుకొచ్చింది. "ఒక్క మేకేంది అవ్వా? జడ కోసిండు గదా! రెండు ఇయ్యాలె!"

"ఉత్త జడకు మేకా? జడ మళ్ల పెరగదా?"

"రెక్క గూడ అతుక్కుంటది గదా!"

నాయనమ్మా మనవరాలూ తెలుగులో మొదలుపెట్టి వాళ్ల భాషలోకి జారిపోయి అరుచుకుంటుంటే నేను నోరు తెరిచి చూస్తున్నాను. ఆ అరుపుల మధ్యలోనే ముత్తి నా చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది, తను ఆ పని చేస్తున్నట్టు తనకే తెలియదు. అమ్మయ్య అనుకున్నాను. ఎన్ని రోజుల తర్వాతో గుండెల నిండా ఊపిరి పీల్చాను. అవ్వ నా చేతిలో పండుగ మామిడి ముక్క పెట్టింది. నేను అప్పటికి ఇంట్లో ఎన్నో తిని ఉన్నానని ఆమెకి తెలుసు, అయినా పెట్టింది. ఇక శీనుగాడి తప్పు సంగతి. ఇప్పకాలం అయ్యేదాకా అవ్వ పువ్వుకి వాడే కాపలా కాయాలని తీర్పు. వాడు మూతి ముడుచుకుని పోయాడు, అవ్వ పెట్టే ఉడకబెట్టిన గడ్డలు తిని తిని, కాలం ముగిసేసరికి ముళ్లజడ పక్షంలో అందరికంటే గట్టిగా అరిచేవాడు వాడే.

నాలుగో భాగం ఆ అరుగు మీదే చదివాం. ముళ్లజడ చచ్చిపోతుందేమో, ఇంకా చెడ్డదైపోతుందేమో అని పేజీ తిప్పినప్పుడల్లా నాకు భయమే. చివరికి ఆమె మళ్లీ రానే లేదు. ఐదులోనూ రాలేదు, ఆరులోనూ రాలేదు. యువరాజు సీసా బిరడా విప్పాడు, నీళ్లు వచ్చాయి, పెళ్లి కూడా అయింది. రాసినాయన ఆమెని మరిచిపోయాడు. మేం మరవలేదు. ముళ్లజడకి జడ పెరిగిందని, గుర్రం అప్పుడప్పుడు ఎవరికీ చెప్పకుండా వచ్చి చూసి పోతుందని మాలో మేమే తేల్చుకున్నాం.

ఇప్పుడు ఆ పరుపుబండ మీద సిమెంటు ఇటుకలు పేర్చి ఉన్నాయి. పువ్వు నేల మీద పడకుండా చెట్ల కింద వలలు కడుతున్నారు, ఏరే పనీ లేదు, కాసే పిల్లలూ లేరు, పిల్లలు హాస్టళ్లలో ఉంటున్నారు. భద్రాచలంలో ఇప్పపువ్వు లడ్డూలు డబ్బాల్లో అమ్ముతున్నారు, బాగానే ఉంటాయి, అయితే వాటికి నేల వాసన ఉండదు. అవ్వ పోయి చాలా కాలమైంది. మామయ్యా లేడు. పండుగ ఇంకా చేస్తున్నారు గానీ సంతలో మామిడికాయలు అంతకు ముందే వచ్చేస్తున్నాయి, కుర్రాళ్లు కొందరు ముందే తింటున్నారట, పెద్దవాళ్లు చూడనట్టు ఊరుకుంటున్నారట. ముత్తి ఇప్పుడు దవాఖానాలో నర్సు. ఆ రోజు డ్యూటీ నుంచి వచ్చి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ, నా సంచీలోంచి పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చూసింది. మూడో భాగం దగ్గర చెయ్యి ఆగింది.

"తేవాల్నా వద్దా అని భయపడుకుంటనే తెచ్చిన," అన్నాను.

"ఏంది భయం? మా పిల్లలకు గీ కథ ఎప్పటిసంది చెప్తున్ననో తెలుసా? దీంతోనే బువ్వ తినిపిచ్చిన," అంది నవ్వుతూ. నేను నమ్మలేకపోయాను. పెద్దయ్యాక ఇన్నేళ్లూ ఆ వెక్కిరింత గుర్తొస్తుందేమోనని నేను ముళ్లజడ పేరు తన ముందు ఎత్తకుండా నాలుక కరుచుకుని బతికితే, తను ఆ పేరుతో బిడ్డలకి అన్నం తినిపించింది. బస్సులో మోసుకొచ్చిన బరువంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది.

మేఘన చదవడం మొదలుపెట్టింది. ముత్తి కొడుకు వంశీ, వాడి చెల్లి, ఇంకో ఇద్దరు పిల్లలు చుట్టూ చేరారు. మధ్యలో, పండుగ అయ్యాక కోసిన పచ్చిమామిడి ముక్కలు, ఉప్పుకారం. కథ వాళ్లకి తెలిసిందే, కానీ వాళ్లమ్మ చెప్పిన కథ, అందులో ముళ్లజడే మొనగత్తె, యువరాజు ఏదో దారిన పోయే పండ్లదొంగ. మొదటి రెండు భాగాలు పక్కన పెట్టి నేరుగా అడవి దగ్గర్నుంచే చదవమన్నారు. యువరాజు కళ్లు తిరిగి పడిపోయే చోటికి వచ్చేసరికి వంశీ నోట్లో ముక్క ఆగిపోయింది.

"అమ్మా, గీ సంగతి నువ్వెప్పుడు చెప్పలే! గాయన చచ్చిపోయేటట్టున్నడు గదా. పండుగ ఉందని గాయనకెవలు చెప్పిన్రు? కొత్తోడు గదా. ముళ్లజడనే ముందుగాల చెప్పాలె."

ముత్తి ముఖం చూడాలి. "ఒరేయ్, మా అవ్వ ఉంటే నీ వీపు పగలగొట్టేది! అడగాల్సింది ఆడు!"

"నోరు ఎండకపోయింది, ఎట్ల అడుగుతడు?"

"ముత్తి చిన్నమ్మ చెప్పిందే రైటు," అంది మా అమ్మాయి, ఎర్రబడ్డ ముఖంతో. "అది ఆమె ఇల్లు. ఎవరింట్లోకైనా వెళ్తే ఇది మీదేనా అని ముందు కనుక్కోవాలి కదా!" ఇప్పపువ్వు వాసనకి ముక్కు మూసుకున్న పిల్ల ముళ్లజడ తరఫున నిలబడింది, వాగు ఒడ్డున పుట్టినవాడు యువరాజు తరఫున. ఎవరూ ఎవరికీ లొంగడం లేదు. ముత్తి కూడా కింద చాప మీద చతికిలబడి కొడుకుతో చేతులు తిప్పి వాదిస్తోంది. వంశీ ఆఖరికి, "నీకేం తెల్సు అడవి గురించి, ఖమ్మంల ఉంటవు," అనేశాడు.

మేఘన టపీమని పుస్తకం మూసేసింది. "నీతో నేనిక మాట్లాడను!"

ముత్తీ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చిందని వేరే చెప్పుకోనక్కర్లేదు. నేను లేవబోయాను, ముత్తి నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. వంశీ తాపీగా ఇంకో మామిడి ముక్క ఉప్పులో అద్ది మేఘన వైపు జరిపాడు.

"మాట్లాడకు. గానీ సదువు, గుర్రానికేమైతదో."

మేఘన వాణ్ని కాసేపు గుర్రుగా చూసింది. తర్వాత ముక్క అందుకుని, పుస్తకం తెరిచి, పేజీ వెతుక్కుని, ఆపిన చోటి నుంచి చదవడం మొదలుపెట్టింది.